జ్వరం అని చెప్పకుండా మానేయడం

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది గుంటూరు. సీజన్లో మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్తాను. పన్నెండేళ్ల నుంచి పొదుపు సంఘంలో ఉన్నాను. ఏ పార్టీ గవర్నమెంటు వచ్చినా పెద్దోళ్ల సభలకి బస్సులెక్కించేది మమ్మల్నే. సంఘానికి ఆరుగురు రావాల్సిందే, రాకపోతే 500 ఫైన్, లోన్ సంగతి తర్వాత చూస్తాం అంటుంది మా ఆర్‌పీ (సంఘాల పని చూసే రిసోర్స్ పర్సన్). పోయినసారి జ్వరమని చెప్పి మానేశాను. మా ఆయనేమో ‘ఒక్కపూట కూర్చునొస్తే ఏం పోయింది, అందరూ పోవట్లా’ అంటాడు. డిగ్రీ చదివే మా అమ్మాయి ‘ఇంట్లో దాక్కుంటే అది పోరాటం ఎట్లా అవుద్దమ్మా, ఇష్టం లేకపోతే ఎదురు నిలబడి మాట్లాడాలి’ అంటది. నాకు మాట్లాడటం రాదు. మైకు చూస్తేనే కాళ్లు వణుకుతాయి. వెళ్లకపోవడం కూడా పోరాటమేనా, ఉత్త పిరికితనమా? ఇంకోటి, ఈసారి ఓటుకి కూడా పోవద్దనుకుంటున్నాను. అదీ చెప్పండి. నా పేరు వేయకండి.
— ఒక సోదరి, గుంటూరు

జవాబు: చెల్లెమ్మా,

ముందు నా సంగతి చెప్పుకోనివ్వండి. అది దాచి మీకు సలహా చెబితే బాగుండదు.

విజయవాడలో ఒక కాలేజీలో పాతికేళ్లకు పైగా పాఠాలు చెప్పాను. ఒక ఏడాది ఎవరో పెద్దమనిషి సభకి రెండు బస్సుల పిల్లల్ని పంపమని పైనుంచి ఫోనొచ్చింది. లిస్టు పట్టుకుని బస్సు మెట్ల దగ్గర నిలబడి టిక్కులు పెట్టింది నేనే. అప్పుడు రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఒకతి వచ్చి, ‘మేడమ్, నేను రాను’ అంది. ఒంట్లో బాగాలేదా అన్నాను. ‘బాగానే ఉంది. రావడం ఇష్టం లేదు’ అంది. నా చేతిలో కాగితం మీద రెండే గడులు, వచ్చినవాళ్లకి ఒకటి, రానివాళ్ల కారణం రాయడానికి ఒకటి. కారణాలన్నీ ఒంటికి సంబంధించినవే. కడుపునొప్పి అని రాసుకుంటాలే, ఇంటికెళ్లు అన్నాను. నిజానికి ఆ పిల్లకి సాయం చేస్తున్నాననే అనుకున్నాను. ‘అలా రాయకండి మేడమ్’ అంది. ఏం రాయాలో తోచక ఆ గడి ఖాళీగా వదిలేశాను.

మర్నాడు ప్రిన్సిపాల్ పిలిచారు. 94 మంది పిల్లలు ఎండలో మూడు గంటలు కూర్చుని వచ్చారు, వాళ్లకి మంచినీళ్లు అందాయా అని కూడా అడగలేదు. ఆయన వేలు మాత్రం తిన్నగా ఆ ఖాళీ గడి మీదకి పోయింది. ‘ఇదేంటి?’

కడుపునొప్పి అని రాసి ఉంటే ఆ ప్రశ్న వచ్చేదే కాదు.

మీ జ్వరం సంగతి కూడా అంతే. మీరు ఆ రోజు ఇంట్లో ఉండిపోవడానికి మనసులో గట్టి కారణమే ఉంది. కానీ లెక్కలోకి వెళ్లింది జ్వరం. మీ ఆర్‌పీకి గానీ, పక్కింటి సభ్యురాలికి గానీ మీరు ఒప్పుకోలేదన్న సంగతి తెలియలేదు. తగ్గిందా అక్కా అని అడిగి ఉంటారు కూడా.

అలాగని ఆ అబద్ధాన్ని నేను తక్కువ చేయను. కూలికి పోయేవాళ్లు, అప్పున్నవాళ్లు, పైవాడి చేతిలో తమ కాగితం ఇరుక్కున్నవాళ్లు ఎప్పటినుంచో ఇలాగే తప్పించుకుంటూ వచ్చారు. జ్వరమంటారు, చుట్టాలొచ్చారంటారు, చెవుడు నటిస్తారు, వెళ్లమన్నచోటికి సగం దారి వెళ్లి మళ్లుకుంటారు. పిరికితనమని పేరు పెట్టేవాళ్లకి నెలసరి వాయిదా భయం తెలియదు. అది మిమ్మల్ని కాపాడింది, చాలు. కాకపోతే ఒక్కటి గుర్తుంచుకోండి, అది మిమ్మల్ని ఒక్కరినే కాపాడింది. మీరు నన్ను అడిగింది పోరాటమా కాదా అని కాబట్టి ఈ మాట అంటున్నాను.

నేనైతే కాదనడాన్ని, చేయకపోవడాన్ని తూచేటప్పుడు ఒకటే అడుగుతాను. నేను లేకపోతే ఆగేది ఏమిటి?

మీ గుంటూరు జిల్లాలోనే పెదనందిపాడు ఉంది కదా. 1922 మొదట్లో ఆ చుట్టుపక్కల ఊళ్ల రైతులు ప్రభుత్వానికి శిస్తు కట్టం అన్నారు. నాయకుడు పర్వతనేని వీరయ్య చౌదరి. ఆ ఉద్యమం గురించి చెప్పేటప్పుడు అందరూ రైతుల తెగువ గురించే చెబుతారు, నాకు మాత్రం ఎప్పుడూ కరణాలు, మునసబులే గుర్తొస్తారు. వాళ్లు గుంపులుగా రాజీనామాలు ఇచ్చేశారు. ఎవరికి ఎంత భూమి ఉందో, ఎవరు ఎంత బాకీనో చెప్పే లెక్క కరణం దగ్గర ఉంటుంది. ఇంటింటికీ తిరిగి వసూలు చేసేది మునసబు. ఆ ఇద్దరూ పక్కకి జరిగితే మద్రాసులో కూర్చున్న దొరకి పెదనందిపాడులో పైసా పుట్టదు. దొర తుపాకీతో భయపెట్టగలడు గానీ తుపాకీ చేత అడంగల్ రాయించలేడు. సైన్యాన్ని దించారు, జప్తులు చేశారు. చివరికి ఆ ఫిబ్రవరిలోనే చౌరీచౌరాలో జరిగిన హింస తర్వాత గాంధీ దేశమంతా సహాయ నిరాకరణ ఆపేయడంతో ఇక్కడా ఆగిపోయింది.

ఇప్పుడు మీ సభ చూడండి. ఆ సభకి కావలసింది మీ అభిప్రాయం కాదు, కుర్చీలో మీరు. డ్రోన్ పైకి లేచినప్పుడు కింద ఖాళీ కుర్చీ కనపడకూడదు, అంతే. మీరు చప్పట్లు కొట్టకపోయినా ఫర్వాలేదు, పక్కావిడతో కోడలి గురించి మాట్లాడుకున్నా ఫర్వాలేదు, మజ్జిగ ప్యాకెట్ తాగి కునుకు తీసినా ఫర్వాలేదు. అందుకే మీ ఆయన ‘ఏం పోయింది’ అంటున్నారు. మీకేం పోదు నిజమే (ఆ రోజు కూలి తప్ప. సీజన్లో అది చిన్న విషయం కాదని ఆయనకీ తెలుసు). కానీ వాళ్లకి కావలసింది సరిగ్గా అదే, మీరు అక్కడ ఉండటం. మీరు ఇవ్వకుండా ఆపగలిగినదీ అదొక్కటే. మైకు ముందు మాట్లాడటం రాదన్నారు. ఇక్కడ దాని పని లేదు.

ఇక దీనికయ్యే ఖర్చు సంగతి. అది చెప్పకుండా ‘వెళ్లకండమ్మా, ధైర్యంగా ఉండండి’ అని రాసేస్తే నాకు బాగానే ఉంటుంది, కట్టేది మీరు కదా.

చీరాల కథ వినే ఉంటారు. అప్పట్లో చీరాల గుంటూరు జిల్లాలోదే. చీరాలనీ పేరాలనీ కలిపి మున్సిపాలిటీ చేశారు. ఏడాదికి 4 వేలు కట్టే జనం మీద 40 వేల పన్ను పడింది. ఎక్కువమంది మగ్గం నేసుకునేవాళ్లు. వద్దు మొర్రో అన్నారు, అర్జీలు పెట్టారు, పన్ను కట్టక జైలుకి పోయారు. వాళ్లలో ఒక ఆడమనిషి కూడా ఉంది. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సభలకి వచ్చిన గాంధీ ఆ వెంటనే చీరాల వెళ్లారు. హింస లేకుండా పన్ను కట్టనైనా మానండి, లేదా ఊరైనా వదిలేయండి, అప్పుడు మున్సిపాలిటీ దానంతటదే పోతుంది అన్నారు. అక్కడి నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రెండోది పట్టుకున్నారు. 15 వేల చిల్లర జనంలో 13 వేలకు పైగా మూటా ముల్లే సర్దుకుని ఊరి బయట పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు. ఊరు ఖాళీ. మున్సిపాలిటీ ఉంది, మనుషులు లేరు.

ఇక్కడిదాకా చెప్పి చప్పట్లు కొట్టిస్తారు. తర్వాత సంగతి ఎవరూ చెప్పరు. ఆ పాకల్లో పదకొండు నెలలు ఉన్నారు. రోహిణి ఎండలు, తర్వాత వానలు, మగ్గం గుంటల్లో నీళ్లు. పసిపిల్లలు, బాలింతలు. దుగ్గిరాలని అరెస్టు చేసి ఏడాది జైల్లో పెట్టారు. చేతిలో డబ్బైపోయింది. ఒక్కొక్కళ్లుగా తిరిగి ఇళ్లకి వచ్చేశారు. మున్సిపాలిటీ ఉండిపోయింది.

ఓడిపోయారు అనడానికి నాకు మొహమాటం లేదు. ఓడిపోయారు. కానీ పదకొండు నెలలు ఎలా నిలబడ్డారో కూడా చూడాలి. కోపం మీద పరిగెత్తుకుంటూ వెళ్లలేదు. రామనగర్‌లో ఎక్కడ ఎవరుండాలో చూసుకున్నారు, తగాదాలు తీర్చడానికి సొంత పంచాయతీ పెట్టుకున్నారు, దుగ్గిరాల దగ్గర రామదండు అని కట్టుబాటున్న కార్యకర్తల దళం ఉంది. కాదనే ముందు కాదన్న తర్వాత రోజు ఎలా గడుస్తుందో ఆలోచించుకున్నారు. అది లేకపోతే పదకొండు రోజులు కూడా నిలిచేది కాదు.

అదే చీరాలకి మళ్లీ మనుషులు వచ్చారు, 64 ఏళ్ల తర్వాత. 1985 జులై 17న కారంచేడులో మాదిగపల్లె మీద దాడి చేసి ఆరుగురిని చంపారు. బతికినవాళ్లు చీరాల చేరి శిబిరం వేసుకున్నారు. ఊళ్లోకి తిరిగి రండి, పెద్దమనుషుల్లో రాజీ చేసుకుందాం అంటే పోం అన్నారు. చాలా కుటుంబాలు నిజంగానే పోలేదు, చీరాలలోనే కాలనీ కట్టుకుని ఉండిపోయాయి. నేను ఈ రెండు చీరాలల్నీ పక్కపక్కన పెట్టి చాలాసార్లు ఆలోచించాను. మొదటివాళ్లకి తిరిగి వెళ్లడానికి సొంత ఇళ్లున్నాయి, మగ్గాలున్నాయి. రెండోవాళ్లకి ఆ ఊళ్లో మిగిలింది మళ్లీ అవే పొలాల్లో అదే కూలి, అవే కళ్లు. వాళ్లు ఏ ప్రసంగమూ చేయకుండా ఊరి మొత్తానికి చెప్పిన మాట, మీ పొలానికి మా చేతులు రావు అని.

దీనికి ఇంకో ముఖం ఉంది, అదీ చెప్పాలి. కాదనడం ఎప్పుడూ బలహీనుడి చేతి ఆయుధమే అనుకోకండి. 1991లో చుండూరులో దళితుల హత్యలకి ముందు వాళ్లకి పొలం పనులు ఇవ్వకుండా కట్టుబాటు పెట్టారు. అదీ ‘సహాయ నిరాకరణే’. మన పల్లెల్లో దాని పాత పేరు వెలి. కాదనడం పైవాడి మీదకి పోతోందా, కిందివాడి మీద పడుతోందా అన్నది చూసుకోవాలి. మీ సంగతిలోనూ ఇది పనికొస్తుంది. మీ సంఘంలో సభకి వస్తే ఇచ్చే 300 రూపాయల కోసం, బిర్యానీ ప్యాకెట్ కోసం వెళ్లేవాళ్లుంటారు. ఇల్లు దాటి ఒక పూట నలుగురితో తిరిగొచ్చినట్టుంటుందని వెళ్లేవాళ్లూ ఉంటారు. వాళ్లతో మాట్లాడటం మానేయకండి, చిన్నచూపు చూడకండి. పాపం మీ ఆర్‌పీ కూడా పైనుంచి వచ్చే వాట్సాప్ మెసేజీలకి లెక్క చెప్పుకోవాల్సిన మనిషే. నేను లిస్టు పట్టుకుని నిలబడ్డ దాన్ని కాబట్టి ఆమె కడుపులో టెన్షన్ నాకు తెలుసు.

సరే, మరి చేయాల్సిందేమిటి.

ముందు మీ సంఘం పుస్తకాలు తీయండి. పొదుపు సంఘాలకి పంచసూత్రాలని నేర్పుతారు, మీకు నోటికి వచ్చే ఉంటాయి. క్రమం తప్పని సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు, అప్పు తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం. ఈ ఐదింట్లో ఏ పార్టీ సభా లేదు. ఫైన్ అనేది సభ్యులంతా కూర్చుని, తీర్మానాల పుస్తకంలో రాసి, సంతకాలు పెట్టుకుంటే వచ్చేది. అది కూడా మీ సంఘం సమావేశానికి రాకపోతే, పొదుపు ఆలస్యమైతే. ‘సభకి రానివారికి 500’ అని మీ పుస్తకంలో ఎక్కడైనా తీర్మానం ఉందా? ఉండదనే నా నమ్మకం. ఎందుకంటే అది రాసుకోవడానికి ఎవరికీ చెయ్యి రాదు.

ఈసారి బస్సు మాట వచ్చినప్పుడు జ్వరం అనకండి. ‘నేను రాలేను’ అని కూడా అనకండి, అందులో కూడా జ్వరం వాసనే ఉంది. ‘నేను రాను అక్కా. సంఘం మీటింగ్‌కి ఎప్పుడు పిలిచినా వస్తాను. దీనికి రాను’ అనండి. గొంతు పెంచాల్సిన పని లేదు. ఫైన్ అంటే, కడతాను, సభకి రానందుకు ఫైన్ అని పుస్తకంలో రాసి రసీదు ఇవ్వండి అనండి. ఆ ఒక్క మాట దగ్గర చాలామంది ఆగిపోతారు. నోటితో అడిగినంత తేలికగా రాసివ్వరు.

ఆగకపోతే? రాసేసి 500 తీసుకుంటే? అప్పుడు మీకు 500 పోతుంది, మీ చేతికి ఒక కాగితం వస్తుంది. నా ఉద్దేశంలో అది చవక బేరం. లోన్ సంగతి కొంచెం వేరు. బ్యాంకు లోన్ ఇచ్చేది సంఘం వాయిదాలు, పుస్తకాలు చూసి. మీ సభ హాజరు చూసి కాదు. కానీ కాగితాలు కదలడం ఆర్‌పీ చేతిలో ఉన్నంతకాలం నాలుగు వారాల పని పది వారాలు చేయగలరు. ఇది మీకు తెలిసిందే, నేను దాచను. కాబట్టి ఇప్పుడు మీ సంఘం లోన్ సగంలో ఉంటే, ఆ డబ్బు మీద అమ్మాయి ఫీజు ఆధారపడి ఉంటే, ఈ ఒక్కసారికి జ్వరమే చెప్పండి. నిజంగానే అంటున్నాను. డబ్బు అకౌంట్లో పడ్డాక వచ్చే సభకి ‘రాను’ అనండి. రామనగర్‌లో ముందు పాకలు వేసుకున్నారు కదా, అదీ అలాంటిదే.

మరో మాట. ఒక్కళ్లే అనకుండా ఇద్దరై అనండి. మీ పదిమందిలో ఇంకొకరు లోపల ఇలాగే అనుకుంటూ ఉంటారు. తొడిమలు తీసేచోట పక్కపక్కన కూర్చుంటారు కదా, అక్కడ మెల్లగా కదిపి చూడండి. ఒక్కరు రానంటే పొగరంటారు. ఇద్దరు రానంటే మాట్లాడదాం రండి అంటారు. ఆరుగురు రానంటే ఆ బస్సు మీ వీధికి రాదు.

ఇక ఓటు. ఇక్కడ మీతో ఒప్పుకోను.

ఇందాకటి ప్రశ్నే దీనికీ వేయండి. మీరు లేకపోతే ఆగేది ఏమిటి? సభలో మీ కుర్చీ ఖాళీ అయితే కనపడుతుంది. ఓటుకి మీరు వెళ్లకపోతే ఏదీ ఆగదు. వచ్చినవాళ్లలో ఎవరికి ఎక్కువొస్తే వాళ్లే గెలుస్తారు. మీరు రాలేదన్న సంగతి హైదరాబాద్ వెళ్లిపోయినవాళ్లు, మంచాన పడ్డవాళ్లు, చనిపోయినా పేరు తీయనివాళ్ల లెక్కలో కలిసిపోతుంది. అంటే గవర్నమెంటే మీ తరఫున జ్వరం అని రాసుకుంటుంది.

పోనీ నోటా నొక్కుతాను అంటారా, అది కొంచెం నయం. 2013 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత మిషన్‌లో చివరి మీటగా వచ్చింది. అంతకుముందు ఎవరికీ వేయనంటే 49-ఓ అనే రూలు కింద పోలింగ్ ఆఫీసర్‌కి చెప్పి, రిజిస్టర్‌లో రాయించి సంతకం పెట్టాలి. బూత్‌లో ఉన్న ఏజెంట్లందరికీ తెలిసిపోయేది. మన ఊళ్లలో అలా చేసి మర్నాడు టీకొట్టుకి ఎవరు వెళ్తారు? నోటాతో ఆ గుట్టు దక్కింది, లెక్కలోకి కూడా వస్తుంది. కానీ ఫలితాన్ని ఆపలేదు. 2024లో ఇండోర్‌లో నోటాకి 2 లక్షల 18 వేలకు పైగా ఓట్లు వచ్చాయి. గెలిచిన అభ్యర్థి మాత్రం హాయిగా 10 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. నిలబడ్డవాళ్లలో ఒక్కరు కూడా నచ్చకపోతే నొక్కండి, తప్పు లేదు. నలుగురిలో ఒకరు కొంచెం తక్కువ చెడ్డ అనిపిస్తే మాత్రం వేసి రండి. బస్సెక్కించినవాళ్ల మీద కోపానికి ఓటు మానేస్తే ఆ నష్టం వాళ్లకి తగలదు.

అమ్మాయికి ఈ ఒక్కటీ చదివి వినిపించండి. 1985లో కేరళలో బడికెళ్లే అన్నాచెల్లెళ్లు ముగ్గురు ప్రార్థన సమయంలో జాతీయగీతం పాడలేదు. వాళ్లది యెహోవా సాక్షులనే శాఖ, పాడటానికి వాళ్ల విశ్వాసం ఒప్పుకోదు. కానీ అందరితోపాటు లేచి మర్యాదగా నిలబడేవాళ్లు. పెదవి మాత్రం కదిపేవాళ్లు కాదు. బడి నుంచి పంపేశారు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వాళ్లని తిరిగి చేర్చుకోమంది. మాట్లాడే హక్కులో మాట్లాడకుండా ఉండే హక్కు కూడా ఉందని తేల్చిన ఆ తీర్పు రాసింది మన తెలుగాయన, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. ఆ పిల్లలు బడి ఎగ్గొట్టి ఇంట్లో కూర్చోలేదు, పెదవులు కదిపి పాడినట్టు నటించనూ లేదు. అసెంబ్లీ లైన్లో, అందరికీ కనపడేలా, నోరు మూసుకుని నిలబడ్డారు. మీ అమ్మాయి దాక్కోవడం అంటున్నది దీన్నైతే కాదు. మీ జ్వరాన్ని. అక్కడ పిల్ల చెప్పింది సగం నిజమే, ఒప్పుకోండి.

నాకు ‘అలా రాయకండి మేడమ్’ అన్న అమ్మాయి ఆ వారం మామూలుగానే క్లాసుకి వచ్చింది, రెండో బెంచీలో కూర్చుంది. నేను ఆ రోజు ఆమె కళ్లలోకి చూడకుండా పాఠం చెప్పాను. తర్వాత ఏడాది మళ్లీ ఫోనొచ్చినప్పుడు లిస్టు నేను పట్టుకోనన్నాను. వేరే లెక్చరర్ పట్టుకున్నారు, బస్సులు వెళ్లాయి.

మీ పేరు వేయలేదు. పుస్తకంలో ఆ తీర్మానం ఉందో లేదో చూసి రాయండి.